33 దాటితే ఫోన్‌కు బానిసేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫోన్ అలవాటు ఎంత ముదిరిందో చెప్పే పది ప్రశ్నల పరీక్ష ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దక్షిణ కొరియాలో పుట్టి ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి రకరకాల తెలుగుల్లోకి వచ్చింది. దాని మీదే ఈ నెల ఎక్కువ ఉత్తరాలు అందాయి.

ప్ర: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆ పది ప్రశ్నల పరీక్ష చేయిస్తే 36 వచ్చింది. ఆడపిల్లలకు 33 దాటితే వ్యసనమేనని కింద రాసి ఉంది. రెండు రోజులుగా ఇంట్లో ఒకటే గొడవ. నిజంగానే అంత ప్రమాదమా అండీ? – ఒక తల్లి, విజయవాడ

జ: ముందు గొడవ ఆపేయండి. ఆ 36లో మీరు చదువుకున్నంత అర్థం లేదు.

ఈ పరీక్షకు మూలం 33 ప్రశ్నల ‘స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ స్కేల్’. కొరియాలో క్వాన్ బృందం 197 మంది మీద ప్రయత్నించి 2013లో ప్రచురించింది. అదే ఏడాది దాన్ని పది ప్రశ్నలకు కుదించి, అక్కడి మిడిల్ స్కూల్ పిల్లలు 540 మందికి ఇచ్చారు. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 6 దాకా మార్కులు, మొత్తం 10 నుంచి 60. అబ్బాయిలకు 31, అమ్మాయిలకు 33 అన్న హద్దులు ఆ 540 మంది జవాబుల నుంచి వచ్చినవే. వాళ్లు కొరియన్‌లో చదివారు, కొరియన్‌లో ఆలోచించి టిక్కు పెట్టారు. వాళ్లకీ మీ అమ్మాయికీ వయసు తేడా ఉంది, చదివిన భాష వేరు, బడి వేరు. ఆ హద్దు ఇక్కడ కూడా అక్కడే ఉంటుందని ఎవరూ రుజువు చెయ్యకుండా వాడటం, ఒకరి కళ్లద్దాలు తెచ్చి ఇంకొకరికి పెట్టడమే.

36ను పదితో భాగించి చూడండి, 3.6 వస్తుంది. ఆ పరీక్షలో 3 అంటే ‘అంతగా కాదు’, 4 అంటే ‘కొంచెం అవును’. మీ అమ్మాయి ఆ రెంటి మధ్య ఊగింది. దాన్ని వ్యసనం అనేశారు!

ఇంకో లెక్క కూడా చూడండి. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు మాత్రమే. వెయ్యి మంది పిల్లల్లో నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు 100 మంది అనుకుందాం. పరీక్ష చాలా మంచిది, నూటికి 85 సార్లు సరిగ్గా చెబుతుంది అనుకుందాం. ఆ 100 మందిలో 85 మందిని పట్టుకుంటుంది. మిగతా 900 మందిలో నూటికి 15 మంది చొప్పున 135 మందికి ఉత్తపుణ్యానికే ముద్ర వేస్తుంది. అంటే గీత దాటిన 220 మందిలో అసలు ఇబ్బంది ఉన్నది 85 మందికే. పదిమందిలో ఆరుగురికి అనవసరపు భయం. అందుకే ఇలాంటి పరీక్షలు జల్లెడ పట్టడానికే తప్ప తీర్పు చెప్పడానికి కావు.

మొత్తాన్ని పక్కన పెట్టి, 5 లేదా 6 పడిన ప్రశ్నలేవో చూడండి. ‘అనుకున్నదాని కంటే ఎక్కువసేపు చూస్తాను’, ‘చుట్టుపక్కల వాళ్లు ఎక్కువ వాడుతున్నావంటారు’ అనే రెంటికే పడితే అది ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉన్న సంగతే. ‘అనుకున్న పనులు తప్పిపోతున్నాయి’, ‘క్లాసులో మనసు నిలవడం లేదు’, ‘పనులు దెబ్బతింటున్నా మానను’ అనేవాటికి పడి, నిద్ర కూడా తగ్గుతుంటే అప్పుడు కూర్చుని మాట్లాడాలి. ఇంకొకటి, పక్కన మీరు నిలబడి ప్రశ్నలు చదివి వినిపిస్తూ చేయించి ఉంటే ఆ కాగితం చింపెయ్యండి. అమ్మ ముందు ఇచ్చిన జవాబుకూ ఒంటరిగా ఇచ్చిన జవాబుకూ పొంతన ఉండదు.

ప్ర: ఇంతకీ ఫోన్ వ్యసనం అనేది డాక్టర్లు ఒప్పుకున్న జబ్బేనా? – కర్నూలు

జ: కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది, స్మార్ట్‌ఫోన్ వ్యసనం లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి పుస్తకంలో ఇంటర్నెట్ గేమింగ్‌ను ‘ఇంకా పరిశోధించాల్సినవి’ అనే విభాగంలో పెట్టారు, ఫోన్ ఊసు లేదు. కొరియా ప్రభుత్వం ఇప్పుడు తన వార్షిక సర్వేలో వ్యసనం అన్న మాటే మానేసి ‘అతిగా ఆధారపడటం’ అంటోంది. జబ్బు పేరు లేనంత మాత్రాన బాధ లేదని కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి వాళ్ల కోసమే 2014 నుంచి ‘షట్’ క్లినిక్ నడుస్తోంది. ఊళ్లో ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్ర: నేను ఎంఏ సైకాలజీ విద్యార్థిని. ప్రాజెక్టు కోసం ఈ పది ప్రశ్నల స్కేలును తెలుగులోకి తేవాలనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతమంది కావాలి, ఎన్నాళ్లు పడుతుంది? – వరంగల్

జ: ఒక సెమిస్టర్ పూర్తిగా పడుతుంది. రెండు వారాల్లో తేలిపోతుందని ఎవరన్నా అంటే వాళ్లు అనువాదం గురించి చెబుతున్నారు. మీరు చెయ్యాల్సింది అనువాదం కాదు, స్కేలును ఇక్కడి మట్టిలో నాటడం.

అనుమతితో మొదలుపెట్టండి. ఆ వ్యాసం ప్లోస్ వన్ పత్రికలో అందరూ వాడుకునే లైసెన్స్‌తో వచ్చింది. మూలాన్ని పేర్కొంటే చాలు. అయినా రచయితలకు ఒక ఈమెయిల్ రాయండి, తెలుగులో ఎవరైనా ఇప్పటికే చేస్తున్నారేమో కూడా తెలుస్తుంది. మీ విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క కాగితం కూడా పంచకండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం కావాలి. 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల దగ్గర వాళ్ల సొంత రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అనువాదానికి ఇద్దరు కావాలి, ఇద్దరిదీ మాతృభాష తెలుగే అయ్యుండాలి. ఒకరికి సైకాలజీ తెలియాలి, రెండోవారికి అసలు తెలియకూడదు. తెలియనివాళ్లే జనం మాట రాస్తారు. ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా చెయ్యాలి. తర్వాత మీ గైడ్‌తో కలిసి నలుగురైదుగురు కూర్చుని రెండింటినీ ఒకటి చెయ్యండి. ఎందుకు ఆ మాట తీసుకున్నారో, ఎందుకు ఈ మాట వదిలేశారో ప్రతి ప్రశ్నకూ రాసిపెట్టుకోండి. వైవాలో అడిగేది అదే.

ఆ తర్వాత తిరుగు అనువాదం. మూలం చూడని వ్యక్తి మీ తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి తెస్తారు, రెంటినీ పోల్చి చూస్తారు. 1970లో బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. దీన్ని అందరూ బంగారం గీటురాయిలా చూస్తారు కానీ, దీనికి ఒక పెద్ద కన్నం ఉంది. ‘విత్‌డ్రాయల్’ను మీరు ‘ఉపసంహరణ’ అని రాశారనుకోండి. తిరుగు అనువాదంలో చక్కగా ‘విత్‌డ్రాయల్’ అనే వస్తుంది. పరీక్ష పాసు! కానీ ఉపసంహరణ అంటే మన జనానికి నామినేషన్ల ఉపసంహరణ, సైన్యం ఉపసంహరణ. ఫోన్ దూరమైతే మనిషిలో పుట్టే ఆందోళన ఆ మాటలో ఎక్కడా లేదు. ‘టాలరెన్స్’ను ‘సహనం’ అన్నా ఇదే కథ. ఇక్కడ దాని అర్థం ఓర్పు కాదు, నిన్న అరగంటతో తీరిన కోరికకు ఇవాళ గంట కావాల్సి రావడం. ఎంత కృతకంగా అనువదిస్తే తిరుగు అనువాదంలో అంత బాగా మార్కులు పడతాయి, అదీ ప్రమాదం.

ఈ పది ప్రశ్నల్లో తెలుగులో కాలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటి ప్రశ్న సులువు. ‘అనుకున్న పని’ అనే మాట మనకు సిద్ధంగా ఉంది, ‘ప్రణాళికాబద్ధమైన పని’ అని రాయకండి. నాలుగో ప్రశ్నలో ఇంగ్లీషు ‘స్టాండ్’ను పట్టుకుని ‘ఫోన్ లేకుండా నిలబడలేను’ అని దించేస్తే జవాబు చెప్పేవాడు కాళ్లనొప్పుల గురించి ఆలోచిస్తాడు. ‘ఫోన్ లేకుండా ఉండలేను’ చాలు.

ఐదో ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. ఫోన్ చేతిలో లేకపోతే కలిగే అసహనం, కుదురు లేకపోవడం గురించిన ప్రశ్న అది. తెలుగు వాళ్లకు వెంటనే నోటికొచ్చే మాట ‘ఏమీ తోచదు’. బాగుంది, సహజంగా ఉంది, కానీ తప్పు. తోచకపోవడం అంటే ఊసుపోకపోవడం. రైలు ఆలస్యమైతే ఎవరికైనా తోచదు. స్కేలు అడుగుతున్నది కాలు ఒకచోట నిలవనివ్వని చిరాకును. ‘చేతిలో ఫోన్ లేకపోతే చిరాకుగా, కుదురు లేకుండా ఉంటుంది’ దగ్గరగా వస్తుంది. కోస్తాలో ‘కంగారు’ అంటే అందుతుంది, మీ వైపు ‘పరేషాన్’ ఇంకా సూటిగా తగులుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ వాడాలనుకుంటే రెండు వైపులా ఒకే బరువున్న మాట వెతకాలి. ‘చిరాకు’ అలాంటిది.

ఏడో ప్రశ్న ‘దైనందిన జీవితం తీవ్రంగా ప్రభావితమైనప్పటికీ’ అని మొదలైందంటే చదివేవాడు మధ్యలోనే వదిలేసి 3 మీద టిక్కు పెడతాడు. ‘రోజువారీ పనులు దెబ్బతింటున్నా సరే, ఫోన్ మాత్రం మానను’ అనండి. ఎనిమిదో ప్రశ్నలో ట్విట్టర్, ఫేస్‌బుక్ పేర్లున్నాయి. ఇవాళ ఇంటర్ చదివే పిల్లలకు అవి పెద్దవాళ్ల సంగతులు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అని మార్చవచ్చు, మార్చినట్టు మాత్రం రిపోర్టులో రాయాలి.

‘వ్యసనం’ అనే మాటను ప్రశ్నల్లోనే కాదు, కాగితం పైన శీర్షికలో కూడా పెట్టకండి. సప్తవ్యసనాల్లో జూదం, మద్యం ఉన్నాయి. తెలుగువాడి చెవికి ఆ మాట వినగానే పరువు గుర్తొస్తుంది, అక్కణ్నుంచి జవాబులన్నీ కిందికి జారతాయి. ‘ఫోన్ వాడకం అలవాట్లు’ అని పెట్టండి.

జవాబుల గడుల మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు, చెడిపోయేదేమో ఎక్కువగా అక్కడే. ‘తీవ్రంగా విభేదిస్తున్నాను’ అంటే అసెంబ్లీలో మాట్లాడుతున్నట్టుంటుంది. ‘అస్సలు కాదు, కాదు, అంతగా కాదు, కొంచెం అవును, అవును, ముమ్మాటికీ అవును’ అనే ఆరు మెట్లు పెట్టి చూడండి. ఈ స్కేల్లో మధ్య గడి లేదని గమనించండి, ఎటో ఒకటి తేల్చాల్సిందే. మనకు నచ్చినట్టు ‘చెప్పలేను’ అని ఏడోది కలిపితే స్కేలే మారిపోతుంది. కాదు అనే వాక్యానికి కాదు అని జవాబిచ్చే పరిస్థితి కూడా రానివ్వకండి. ‘ఫోన్ లేకపోయినా ఇబ్బంది ఉండదు’ అన్నదానికి ‘కాదు’ అంటే ఏమిటో చెప్పినవాడికే తెలియదు. ఒక్క విషయంలో మాత్రం మన భాష సాయం చేస్తుంది. హిందీలో ‘నేను చూస్తాను’ అనాలంటే ఆడా మగా అని క్రియ మారుతుంది, కాగితం మీద రెండు రూపాలూ రాయాలి. తెలుగులో నేను అన్నప్పుడు ఆ గొడవ లేదు.

ఇప్పుడు పదిహేనుమందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి. ప్రశ్న చదివించి, ‘మీ మాటల్లో చెప్పండి, దీనికి ఏం అర్థమైంది?’ అని అడగండి. ముగ్గురు ఒకేచోట తడబడితే ఆ వాక్యం మార్చాల్సిందే. ఆపైన 30, 40 మందితో నమూనా పరీక్ష, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. నాలుగైదు నిమిషాలు దాటకూడదు. ఒక్క నిమిషంలో ముగించి అన్నింటికీ ఒకే అంకె పెట్టిన కాగితాలను ఎలా పక్కన పెట్టాలో నియమం ముందే రాసుకోండి, లెక్క చూశాక కాదు.

అసలు సర్వేకు ప్రశ్నకు పదిమంది చొప్పున వంద చాలని పాత పుస్తకాలు అంటాయి. వందతో ఆగకండి. కారకాల నిర్మాణం, అంటే ఏ ప్రశ్నలు ఏ ప్రశ్నలతో గుంపు కడుతున్నాయో తేల్చాలంటే కనీసం 200, రెండు వర్గాలను పోల్చాలంటే ఒక్కో వర్గంలో 200 పెట్టుకోండి. వాళ్లలో 50 మందికి రెండు వారాల తర్వాత మళ్లీ ఇవ్వాలి. వారంలోపే ఇస్తే పాత జవాబులు గుర్తుంటాయి, రెండు నెలలు ఆగితే అలవాటే మారిపోవచ్చు. మధ్యలో పరీక్షలు గానీ, సంక్రాంతి సెలవులు గానీ వస్తే ఫలితం చెత్త అవుతుంది, క్యాలెండర్ చూసుకోండి. ప్రశ్నలన్నీ ఒకే మాట మీద నిలబడుతున్నాయా అని 1లోపు అంకెతో చెప్పే క్రాన్‌బ్యాక్ ఆల్ఫా 0.7 దాటగానే పండగ చేసుకోకండి. కొరియాలో పది ప్రశ్నలకు 0.91 వచ్చింది. మీకు 0.97 వచ్చిందనుకోండి, అది గొప్ప కాదు, ప్రశ్నలన్నీ ఒకేలా వినిపిస్తున్నాయని అనుమానించాలి. మిగతా ప్రశ్నల మొత్తంతో 0.3 కంటే తక్కువ సంబంధం (0 అంటే ఏ సంబంధమూ లేదు, 1 అంటే పూర్తి పొంతన) ఉన్న ప్రశ్న కనిపిస్తే తీసెయ్యకముందు దాని తెలుగు మళ్లీ చదవండి. పదిలో తొమ్మిదిసార్లు తప్పు మాటలోనే ఉంటుంది.

చివరగా, మీరు వాడే ఇంగ్లీషు ప్రశ్నావళే కొరియన్‌కు అనువాదం. కొరియన్ తెలిసినవాళ్లు ఒక్కరు దొరికినా సందేహం వచ్చిన రెండు మూడు ప్రశ్నలను అసలు మూలంతో సరిచూసుకోండి.

ప్ర: గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి, తెలుగు సార్ చేత దిద్దిస్తే సరిపోదా? – నెల్లూరు

జ: సార్ వ్యాకరణం దిద్దుతారు. వ్యాకరణం తప్పయినా పిల్లాడికి అర్థమవుతుంది, గ్రాంథికం ఒప్పయినా అర్థం కాదు. సరిపోదు.

ప్ర: మా మండలంలో రెండు బడుల్లో ఈ పరీక్ష పెట్టాం. తెలుగు మీడియం సగటు 29, ఇంగ్లీషు మీడియం సగటు 33. ఇంగ్లీషు మీడియం పిల్లలే ఎక్కువ చెడిపోతున్నారని రిపోర్టులో రాయొచ్చా? – ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

జ: రాయకండి. రెండు బడుల్లో రెండు తక్కెళ్లు వాడారు. అవి ఒకేలా తూచాయో లేదో ముందు తేలాలి.

పాత కొట్లలో తక్కెడ ఒకవైపు ఒరిగితే రెండోవైపు సరిచేయడానికి పాసంగం అనే చిన్న బరువు కట్టేవారు గుర్తుందా? పాసంగం లేని తక్కెడలో ఏమీ వెయ్యకముందే నాలుగు తులాలు చూపిస్తుంది. మీ నాలుగు మార్కుల తేడా పిల్లల్లో ఉందో, తక్కెడలో ఉందో సగటు చూస్తే తెలియదు. గణాంకవేత్తలు దీన్ని మూడు మెట్లలో పరీక్షిస్తారు. మొదటిది, రెండు చోట్లా ప్రశ్నలు ఒకే రకంగా గుంపు కడుతున్నాయా. రెండోది, తూనికరాళ్లు సమానమా, అంటే అసలు సమస్య ఒక పాలు పెరిగితే ప్రతి ప్రశ్నలో మార్కు రెండు చోట్లా ఒకే పాలు పెరుగుతోందా. మూడోది పాసంగం, అంటే ఒకే స్థితిలో ఉన్న ఇద్దరు పిల్లలు రెండు భాషల్లోనూ ఒకే మార్కు పెడుతున్నారా. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడు మనం అనుకున్న నమూనా జవాబులకు ఎంత సరిపోతోందో చెప్పే సీఎఫ్ఐ అనే సూచిక 0.01 కంటే ఎక్కువ పడిపోతే ఆ మెట్టు దగ్గరే ఆగిపోవాలి. 2002లో చ్యూంగ్, రెన్స్‌వోల్డ్ సూచించిన కొలబద్ద అది. మూడో మెట్టు దాటనిదే సగటులు పోల్చడానికి వీల్లేదు. ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లావాన్ ప్యాకేజీతో ఇది ఒక పూట పని, దగ్గర్లోని విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్ శాఖను అడిగితే చేసిపెడతారు.

భాష ఒక్కటే కాదు, బతుకు కూడా తక్కెడను ఒంచుతుంది. మణికట్టు, మెడ నొప్పి గురించిన మూడో ప్రశ్ననే తీసుకోండి. ఇంట్లో తల్లితో కలిసి బీడీలు చుట్టే అమ్మాయికి ఫోన్ ముట్టకపోయినా చెయ్యి నొప్పే. ఆ ప్రశ్నకు ఆమె పెట్టే 5 ఫోన్ గురించి కాదు. పదో ప్రశ్న ఇంకా అన్యాయం. ‘చుట్టూ ఉన్నవాళ్లు నువ్వు ఫోన్ ఎక్కువ వాడుతున్నావంటారు’ అన్నదానికి వచ్చే మార్కు పిల్లల వాడకంతో పాటు పెద్దల నోటినీ కొలుస్తుంది. కొడుకు మూడు గంటలు చూసినా కిమ్మనని ఇంట్లో, కూతురు అరగంట చూస్తే మూడుసార్లు వినిపిస్తారు. ఇంట్లో ఒకే ఫోన్, అది నాన్న జేబులో ఉంటే ‘ఫోన్ లేకుండా ఉండలేను’ అనే ప్రశ్న ఆ పిల్లాడి విషయంలో దేన్ని కొలుస్తుంది? రోజూ ఉండక తప్పదు కదా.

రిపోర్టు రాయాల్సిందే అయితే సగటులు వదిలేసి, ఒక్కో ప్రశ్నకు 5, 6 పెట్టినవాళ్లు ఎంతమందో రెండు పట్టికలుగా వేరువేరుగా ఇవ్వండి. సొంత ఫోన్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని కూడా విడగొట్టండి. అసలు తేడా అక్కడే బయటపడుతుందని మా అనుమానం.

ప్ర: ఫోన్ వ్యసనంలో చైనా, సౌదీ ముందున్నాయని, జర్మనీ, ఫ్రాన్స్ వెనక ఉన్నాయని చదివాను. అది నిజమేనా? – న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జ: మీరు చదివింది మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓల్సన్ బృందం 2022లో వేసిన లెక్క అయ్యుంటుంది. పైన విజయవాడ పాఠకురాలు చేయించిన ఈ పది ప్రశ్నల స్కేలునే వాడిన పాత అధ్యయనాలను పోగేశారు. 24 దేశాలు, 83 నమూనాలు, 33,831 మంది, 2014 నుంచి 2020 దాకా. చైనా, సౌదీ అరేబియా, మలేసియా పైన, జర్మనీ, ఫ్రాన్స్ కింద వచ్చాయి. అన్ని దేశాల్లో కలిపి చూస్తే ఏటా స్కోరు పెరుగుతున్నట్టూ కనిపించింది. మెచ్చుకోవాల్సిన సంగతి ఏమిటంటే, వాళ్లు 31, 33 హద్దులను పట్టుకుని ‘ఇంత శాతం బానిసలు’ అనలేదు, సగటు స్కోర్లే చూశారు.

అయినా పై జవాబులో చెప్పిన పాసంగం సమస్య ఇక్కడా ఉంది. ఒక్కో దేశంలో ఒక్కో అనువాదం. నమూనాలు చాలావరకు విద్యార్థులవి. గడుల మీద టిక్కు పెట్టే అలవాటు కూడా దేశానికో తీరు. కొన్నిచోట్ల జనం చివరి అంకెలు వాడటానికి వెనకాడతారు, కొన్నిచోట్ల అడిగినదానికల్లా అవునంటారు. జపాన్, తైవాన్ విద్యార్థులు అమెరికా విద్యార్థుల కంటే మధ్య గడి ఎక్కువ ఎంచుకుంటారని 1995లోనే చూపించారు. చైనాకూ జర్మనీకీ మధ్య ఉన్నంత పెద్ద తేడా మొత్తం ఇలాంటి వాటివల్లే వచ్చిందని మేము అనం. ర్యాంకుల్లో పక్కపక్కన ఉన్న రెండు దేశాల మధ్య తేడాకు మాత్రం పైసా విలువ ఇవ్వకండి.

అన్నట్టు, పోల్చడానికి ఇదొక్కటే స్కేలు కాదు. ఆస్ట్రేలియాలో 2005లో వచ్చిన 27 ప్రశ్నలది, తైవాన్‌లో 2014 నాటి 26 ప్రశ్నలది, ఫోన్ దూరమవుతుందన్న భయాన్ని కొలిచే అమెరికా వాళ్ల 20 ప్రశ్నలది ఉన్నాయి. 2020లో ఒక సమీక్ష లెక్కపెడితే ఇలాంటివి 78 తేలాయి. కొలిచేవాళ్లకంటే కొలబద్దలు ఎక్కువయ్యాయి.

ప్ర: గీ సవాల్లన్నీ దేనికి సారూ? ఎన్ని గంటలు చూసిండో ఫోనే చెప్తది గద! – కరీంనగర్

జ: చెప్తుంది, మనిషి కంటే నిజమే చెప్తుంది. 2015లో బ్రిటన్‌లో 23 మంది ఫోన్లను రెండు వారాలు గమనిస్తే రోజుకు సుమారు 85 సార్లు తెరిచారు. వాళ్లను అడిగితే 37 అన్నారు. 2021లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, జనం చెప్పిన సమయానికీ ఫోన్ చూపిన సమయానికీ సంబంధం 0.38 మాత్రమే, పూర్తి పొంతన ఉంటే 1 రావాలి. ఇలాంటి ‘వ్యసనం’ స్కేళ్ల స్కోరుకూ ఫోన్ లెక్కకూ మధ్య ఇంకా తక్కువ, 0.25.

దీన్ని చూసి స్కేళ్లన్నీ దండగ అనేవాళ్లున్నారు. మేము అంత దూరం వెళ్లం. గంటలు వాడకాన్ని కొలుస్తాయి, స్కేలు బాధను కొలుస్తుంది. రెండూ ఒకటి కావు. ఆరు గంటలు మ్యాప్ పెట్టుకుని ఆటో నడిపేవాడికి బాధ లేదు, గంటన్నర రీల్స్ చూసి పరీక్ష తప్పినవాడికి ఉంది. ‘ఇతను రోజుకు ఇన్ని గంటలు చూస్తాడు’ అని స్కేలును బట్టి, ‘ఇతనికి వ్యసనం’ అని గంటలను బట్టి చెప్పడమే తప్పు.

ఫోన్ లెక్క చూడాలంటే ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ నొక్కండి. వృత్తం మధ్యలో ఇవాళ్టి మొత్తం, దానిలోపలికి వెళ్తే యాప్ వారీగా సమయం, ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో ఉంటాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, స్క్రీన్ టైమ్, అక్కడ ‘పికప్స్’ చూడండి. ఒక్కరోజు లెక్క నమ్మకండి, ఆదివారం కలిసేలా ఏడు రోజులది తీసుకోండి. ఎప్పుడో చూద్దామని వదిలెయ్యొద్దు, ఫోన్ కొన్ని వారాల లెక్కే దాస్తుంది. వారం వారం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తప్పు లెక్క వచ్చేది ఎక్కడంటే, ఒకే ఫోన్ ఇద్దరు వాడినప్పుడు, రెండో ఫోన్ దాచిపెట్టినప్పుడు, ఐప్యాడ్‌ను కూడా కలిపి చూపే స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు, స్క్రీన్ ఆపకుండా యూట్యూబ్‌లో పాటలు పెట్టి వంట చేసుకున్నప్పుడు. రాత్రి 11 తర్వాత ఎంత చూశారన్నది మొత్తం గంటల కంటే పనికొచ్చే అంకె.

ప్ర: కువైట్‌లో డ్రైవర్‌ని. డ్యూటీ అయ్యాక రోజూ మూడు గంటలు ఇంటికి వీడియో కాలే. ఆ పరీక్షలో 41 వచ్చింది. నాకూ ఇబ్బందేనా? – కడప జిల్లా వాసి

జ: మీ దగ్గర ఫోన్ లాగేసుకుంటే కుదురుండదా అంటే ఉండదు, దాంట్లో మీ పిల్లలున్నారు. ఫోన్ ద్వారానే మనుషులున్నారని అనిపించడాన్ని ఈ స్కేళ్లు సమస్య కింద లెక్కేస్తాయి. ఇల్లు పక్కనే ఉన్న విద్యార్థిని మనసులో పెట్టుకుని రాసిన ప్రశ్నలు అవి. మీరు చూసుకోవాల్సినవి రెండే: కాల్ అయ్యాక ఏం చూస్తూ ఎంతసేపు మేలుకుంటున్నారు, స్టీరింగ్ పట్టుకున్నప్పుడు చెయ్యి ఫోన్ మీదికి పోతోందా. రెండోదానికి అవును అయితే స్కోరు 15 వచ్చినా ఇబ్బందే.

ప్ర: చదువురాని పెద్దవాళ్లకు ఈ పరీక్ష ఎలా పెట్టాలి? – ఆశా కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా

జ: ఆరు గడులు నోటితో చెబితే మొదటిదీ చివరిదే గుర్తుంటాయి. కాగితం మీద ఆరు మెట్లు గీసి, కింది మెట్టు ‘అస్సలు కాదు’, పై మెట్టు ‘ముమ్మాటికీ అవును’ అని చెప్పి వేలు పెట్టమనండి. ముందు ఫోన్‌తో సంబంధం లేని ప్రశ్న ఒకటి అడిగి చూడండి, ‘నాకు కాకరకాయ కూర ఇష్టం’ లాంటిది. మెట్టు ఎలా వాడాలో తెలిసిపోతుంది. కోడలు పక్కన ఉండగా అత్తను, అత్త పక్కన ఉండగా కోడలిని అడగొద్దు. చదివి వినిపించి తీసుకున్న జవాబులనూ, సొంతంగా చదివి రాసినవాటినీ ఒకే సగటులో కలపకండి.

ప్ర: మా వాడికి జూన్‌లో 38 వచ్చింది. నెలరోజులు రాత్రిపూట ఫోన్ హాల్లోనే పెట్టించాం. జూలైలో మళ్లీ చేస్తే 34. తగ్గినట్టేనా? – రాజమహేంద్రవరం

జ: పరీక్షను బట్టి అయితే చెప్పలేం. ఏ స్కేలుకైనా చెయ్యి వణుకు ఉంటుంది. స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే ప్రామాణిక విచలనం 9, మళ్లీ కొలిచినా అదే వస్తుందా అని చెప్పే విశ్వసనీయత 1కి 0.85 అనుకుంటే ఒక్కో కొలతలో మూడున్నర మార్కుల అటూఇటూ సహజం. రెండు కొలతల మధ్య తేడా నిజమైన మార్పే అనడానికి దాదాపు పది మార్కులు ఉండాలి. 38 నుంచి 28కి వచ్చి ఉంటే నమ్మకంగా చెప్పేవాళ్లం. మీకు అంతకన్నా మంచి కొలతలు ఇంట్లోనే ఉన్నాయి. ఎన్నింటికి పడుకుంటున్నాడు, పొద్దున లేపాల్సి వస్తోందా, రాత్రి 11 తర్వాత ఫోన్ లెక్క సున్నానా కాదా. అవి మారి ఉంటే ఫోన్ హాల్లోనే ఉంచండి. పరీక్ష మళ్లీ మళ్లీ పెట్టకండి, మూడోసారికి ఏ గడిలో టిక్కు పెడితే అమ్మ ఊరుకుంటుందో వాడికి తెలిసిపోతుంది.